మూడు లెన్సులు, ఒక మడత కుర్చీ

పొద్దున్నే హాలు నిండా కెమెరా సామాను పరిచి, మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు ఇంటాయన. వంటింట్లో పాలు పొంగి పోతున్నా తల ఎత్తలేదు. మర్నాడు తల్లినీ భార్యనీ తీసుకుని కొండ మీది పాత కోట చూడ్డానికి ప్రయాణం. పైదాకా నడకే. ఈయన వాలకం చూస్తే ఆ కోట కట్టించింది తనేననుకోవాలి.

"ఇది దూరానివి తియ్యడానికి, ఇది దగ్గరవి తియ్యడానికి. మరి మొత్తం గోడంతా పట్టాలంటే?" అని తనలో తనే గొణుక్కుంటున్నాడు. ఇంతా చేసి ఈ మహానుభావుడి ఫొటోలు ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరూ చూసిన పాపాన పోలేదు. వాళ్ళు చూసేదీ మొహమాటానికే.

టీ తెచ్చిన భార్య గుమ్మంలోనే ఆగింది. నిన్న తను సంచిలో సర్దిన అత్తగారి మడత కుర్చీ గోడవారన పడి ఉంది.

"ఇదెందుకు బయట పడేశారు?"

"ట్రైపాడ్ పట్టడం లేదు. అమ్మ ఏ రాయి మీదో కూర్చుంటుందిలే."

"మోకాళ్ళ నొప్పుల మనిషి రాయి మీద కూర్చుంటే లేవగలరా? ఆ స్టాండుకున్న పాటి విలువ లేదా అత్తయ్యకి?"

"ఎందుకలా ఎగురుతావు? ఇదంతా అమ్మ కోసమేగా! తిరిగొచ్చాక టీవీలో వేసి తీరిగ్గా చూపిస్తాను."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"తీరిగ్గానా! మొన్న కళ్ళ డాక్టరు చెప్పింది మీ చెవికెక్కిందా అసలు? ఆయన ఎదురుగా కూర్చుని ఫోన్లో లెన్సులు చూసుకుంటూ గంగిరెద్దులా తల ఊపారు."

"ఏం చెప్పాడు?" అన్నాడు, మొహంలో రంగు మారుతుంటే.

జవాబు వెనక నుంచి వచ్చింది. తల్లి గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"ఉన్న చూపు ఎన్నాళ్ళో నిలవదన్నాడు నాయనా. చూడాలనుకున్నవి ఇప్పుడే చూసుకోమన్నాడు. అందుకే కోట చూపించమని అడిగాను. నువ్వు టీవీలో వేసేనాటికి నాకు కనిపిస్తుందో లేదో."

నలుగురిలో తెలివైనవాడినని చెప్పుకు తిరిగే మనిషి, కన్నతల్లి కళ్ళ సంగతి ఆమె నోటివెంటే వినాల్సి వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

"నేను వినలేదమ్మా," అంటూ చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు.

తల్లి అతని తల నిమిరింది. అతను కళ్ళు తుడుచుకుని సంచి బోర్లించాడు.

"ముచ్చటపడి కొనుక్కున్నావు, ఒక్కటైనా పెట్టుకోరా."

"వద్దమ్మా. నీ చెయ్యి పట్టుకుని నడుస్తాను."

"అయితే మెట్టు వచ్చినప్పుడల్లా చెప్తూ ఉండు. మెట్లు నా కంటికి అప్పుడే ఆనడం లేదు."

కుర్చీ సర్దుతున్న కోడలి చేతులు ఆగిపోయాయి. ఆ సంగతి ఆమెకీ తెలియదు.