కెరటంతో కదిలేవాడు

తెర మీద సముద్రం లేదు. నల్లగా ఉంది, అంతే. తీరానికి నలభై కిలోమీటర్ల అవతల, తుఫాను వెలిసిన నీళ్ల మీద డ్రోన్ ఎగురుతూనే ఉంది. అది పంపే బొమ్మలో కెరటాలన్నీ చెరిగిపోతున్నాయి గానీ, మిగలాల్సిన మనిషి మాత్రం మిగలడం లేదు. డాక్టర్ హైమవతి రెండు రోజులుగా ఆ నలుపునే చూస్తోంది. ఆమె వెనక నూకరత్నం నిలబడి ఉంది, కుర్చీ వేసినా కూర్చోదు. ఆమె మొగుడు పోలయ్య వేటకెళ్లిన పడవ మంగళవారం నుంచి జాడ లేదు. ఇవాళ గురువారం మధ్యాహ్నం.

ఆ డ్రోన్ కన్ను గురించి నాలుగు ముక్కలు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగిన ఘోరం మీకు అర్థం కాదు. మామూలు కెమెరా బొమ్మ తీసి కంప్యూటర్‌కి పంపుతుంది. కంప్యూటర్ ఒక్కో చుక్కనీ చూసుకుంటూ కూర్చుంటుంది, ఈలోగా కెరటం మారిపోతుంది. హైమవతి తయారుచేసిన సెల్యులార్ న్యూరల్ నెట్‌వర్క్ చిప్‌లో ఆ తతంగం లేదు. బొమ్మలో ఎన్ని చుక్కలుంటే చిప్‌లో అన్ని చిన్న సెల్స్ ఉంటాయి. ప్రతి సెల్లూ తన చుట్టూ ఉన్న ఎనిమిదింటితోనే మాట్లాడుకుంటుంది. పైన పెత్తనం చేసేవాడెవడూ ఉండడు. పేటలో కబురు ఇంటింటికీ పాకినట్టు పాకి, సెకనుకి పదివేల బొమ్మల సంగతి తేల్చేస్తుంది. హైమవతి వాటికి నేర్పిన సూత్రం ఒక్కటే: పక్కవాళ్లతో కలిసి కదిలితే నీళ్లు, కలవకపోతే మనిషి. నీళ్లని చెరిపెయ్యి, మనిషిని చూపించు. పరీక్షల్లో కాలేజీ కుర్రాళ్లని సముద్రంలో దింపితే, వాళ్లు కాళ్లూ చేతులూ కొట్టుకున్న మరుక్షణం చిప్ పట్టేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంకో సంగతి. చిప్ తొంభై శాతం నమ్మకంతో ‘మనిషి’ అంటేనే హెలికాప్టర్ లేస్తుంది. ఇదివరకు ఎవరో పెద్దమనిషి తన బావమరిది పడవ కోసం హెలికాప్టర్‌ని దారి మళ్లించాడని తెలిసి, హైమవతే పట్టుబట్టి ఈ నిబంధన పెట్టించింది. సూత్రాన్ని ఎవరూ మార్చకుండా తాళం కూడా వేయించింది. తియ్యాలంటే కమిటీ కూర్చోవాలి. మంచి ఉద్దేశమే, కాదనను.

“మీ ఆయనకి ఈత వచ్చు కదా?” అంది హైమవతి.

“రాకేటమ్మా.”

“మరి చేతులాడిస్తూ ఉంటే ఈపాటికి మిషన్ పట్టేసేది. నూకరత్నం, ఎలా చెప్పాలో తెలీడం లేదు. అక్కడ ఎవరూ లేరు.”

“సేతులెందుకాడిస్తాడు?” అంది నూకరత్నం. “మావోళ్లెవరూ ఆడించరు. పడవ తిరగబడితే తాడుతో నడుం దానికే కట్టేసుకుని బోర్లా పడుకుంటారు. కెరటం ఎటు తీస్తే అటే. పెనుగులాడినోడు పూటలో పోతాడు, పడుకున్నోడు మూడ్రోజులైనా ఉంటాడు. మా పేటలో పిల్లలక్కూడా తెలుసది.”

హైమవతి మళ్లీ తెర వైపు తిరిగింది. సముద్రం తెలిసినవాళ్లెవరో, రెండు రోజులుగా సరిగ్గా వాళ్లనే తను చెరిపేస్తూ కూర్చుంది. ఛీ, ఒక్కసారి పేటకి వెళ్లి అడిగుంటే సరిపోయేది.

ఆమె మామూలు కెమెరా పెట్టింది. తెర నిండా నురగ, దుంగలు, థర్మాకోల్ ముక్కలు. “ఇందులో ఎక్కడని వెతుకుతాం?”

“మనిషిని ఎతక్కండి. పిట్టల్ని సూడండి. తేలే సెక్క కింద సేపలు సేరతాయి, వాటి మీదకి పిట్టలొస్తాయి.”

పావుగంటలో పిట్టల గుంపు కనబడింది. దాని కింద తిరగబడిన పడవ. దాని మీద బోర్లా ఒక మనిషి. డ్రోన్ చప్పుడికి తల కొంచెం ఎత్తాడు.

“మా మావే,” అంది నూకరత్నం. అప్పుడు కూర్చుంది, కుర్చీలో కాదు, నేల మీద.

హైమవతి కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసింది. “మేడమ్, పొద్దుట్నుంచి అన్ని పేటలవాళ్లూ ఫోటోలు పంపిస్తున్నారు. దుంగని చూపించి మనిషంటున్నారు,” అన్నాడు అధికారి, విసుక్కోకుండానే. “నా దగ్గరున్నవి రెండు హెలికాప్టర్లు. మీ చిప్ ఏమంటోంది?”

“నలభై శాతం.”

“నిబంధన మీదే కదా మేడమ్.”

సాయంత్రానికి మళ్లీ గాలి లేస్తుందని పడవల్ని ఆపేశారు. అంటే ఇప్పుడే, లేకపోతే లేదు. డ్రోన్ లౌడ్‌స్పీకర్‌లో చెయ్యి ఊపమంది హైమవతి. పోలయ్య ఊపాడు. యాభై ఎనిమిది. ఒళ్లు పడవకి కట్టేసి ఉంది, పడవ కెరటంతో పోతోంది, కాబట్టి చిప్‌కి అతను నీళ్లే.

“తాడు ఇప్పాలా?” అంది నూకరత్నం.

“కొద్దిసేపే. తొంభై దాటేదాకా.”

“ఓపికుంటదా?”

“తెలీదు,” అంది హైమవతి. అబద్ధం చెప్పలేకపోయింది.

నూకరత్నం మైకు లాక్కుంది. “మావా, నానే. తాడు ఇప్పెయ్. నీళ్లలోకి దిగి గట్టిగా కొట్టుకో. నువ్వు నీళ్లు కాదు, మనిషివని ఈ మిషనుకి తెలవాలంట.”

అతను పైకి చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

“నా మాట ఇను మావా.”

చాలాసేపు కదల్లేదు. తర్వాత నెమ్మదిగా ముడి విప్పుకుని నీళ్లలోకి జారాడు. డెబ్బై. ఎనభై నాలుగు. తొంభై మూడు. తెర మీద ఆకుపచ్చగా ‘మనిషి’ అని వెలిగింది. హెలికాప్టర్ లేచింది, చేరడానికి ఇరవై నిమిషాలు.

“సాలు మావా, పడవ పట్టుకో,” అని నూకరత్నం మైకులో అంటూనే ఉంది. పడవని కెరటం అప్పటికే నాలుగు బారల దూరం లాక్కుపోయింది. అతను దాని వైపు కొంచెం ఈదాడు. ఆగాడు. మళ్లీ కొంచెం ఈదాడు. పెద్ద కెరటం ఒకటి వచ్చి వెళ్లాక తెర మళ్లీ నల్లగా అయిపోయింది.

హెలికాప్టర్‌కి పడవ దొరికింది, తాడు దొరికింది, పోలయ్య దొరకలేదు. కాసేపటికి అధికారి ఫోన్ చేశాడు. “మీ చిప్ కరెక్టే మేడమ్. అక్కడ నిజంగానే మనిషి ఉన్నాడు.”

హైమవతి ఫోన్ పెట్టేసి నూకరత్నం పక్కన నేల మీద కూలబడింది. “నన్ను తిట్టు,” అంది. “కొట్టినా పర్లేదు.”

నూకరత్నం మైకు ఇంకా వదల్లేదు.

“పదకొండేళ్ల కాపురంలో ఏనాడూ నా మాట ఇన్నోడు కాదమ్మా,” అంది. “ఇదొక్కటే ఇన్నాడు.”