ఒక గీత మిగిలుండగా

పూతలపట్టు క్రాసు నుంచి లోపలికి పోయే రోడ్డు మీద ఉన్న ఆ పల్లెలో కరెంటు పొద్దున తొమ్మిదికి పోతే మళ్ళీ మూడుకే రావడం. అందుకని తొమ్మిది లోపలే మోటారు వేసి తొట్టి నింపుకోవాలి, మిక్సీ తిప్పుకోవాలి, చీర ఇస్త్రీ చేసుకోవాలి. ఆ బుధవారం కూడా పవిత్ర ఆ పనులన్నీ ముగించుకుని ఎనిమిదింబావుకు సెల్‌ఫోను చేతిలోకి తీసుకుంది. చార్జింగు ఒక్క గీతే మిగిలి ఉంది. హాల్లో ఉన్న ఒకే ఒక ప్లగ్గుకు చార్జరు తగిలించి, స్విచ్ వేసి, వెనక్కి తిరిగి చూడకుండా అన్నం డబ్బా అందుకుంది.

వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్న అత్త సుబ్బులమ్మతో, తమ్ముడు ఫోను చేస్తే ఒకసారి స్కూలు దాకా వచ్చి చెప్పమంది. క్రాసు దగ్గర ప్రైవేటు స్కూల్లో పవిత్ర రెండో తరగతి టీచరు. అక్కడికి ఫోను తీసుకుపోనివ్వరు. ఇంటి నుంచి పది నిమిషాల నడక. ఆమె తల్లి నిర్మలమ్మ ఆయాసంతో తిరుపతిలో ఆసుపత్రిలో చేరి అయిదు రోజులైంది. తమ్ముడు రూపేష్ దగ్గరుండి చూసుకుంటున్నాడు. శనివారానికి ఇంటికి పంపిస్తామని డాక్టర్లు చెప్పారు.

"పోయిరా మే. చేస్తే నేను పరిగెత్తుకోని రానా?" అంది సుబ్బులమ్మ.

పవిత్ర వీధి మలుపు తిరిగిన కాసేపటికి ఆవుకు గడ్డి వేసి లోపలికి వచ్చాడు మామ పరంధామయ్య. చార్జరుకు వేలాడుతున్న ఫోనును చూడగానే ఆయన మొహం చిట్లించాడు. దగ్గరికి పోయి చూశాడు. ఇంకా ఒక గీత ఉండనే ఉంది.

పరంధామయ్యది వస్తువును ప్రాణంగా చూసుకునే స్వభావం. ఇరవై ఎనిమిదేళ్ళ నాటి రేడియోకు గుడ్డ తొడుగు కుట్టించి పెట్టాడు. టార్చి లైటు సెల్లులు నీరసించాయంటే తీసి పిట్టగోడ మీద ఎండబెట్టి మళ్ళీ వాడేవాడు. పోయిన ఉగాదికి కొడుకు గుణశేఖర్ ఇంట్లోకని ఈ ఫోను కొన్నప్పుడు, చిత్తూరులో కొట్టతను మూడు మాటలు చెప్పాడు. బాటరీ మొత్తం ఖాళీ అయ్యాకే చార్జింగు పెట్టాల. ఫోను ఆపేసి పెట్టాల. నాలుగు గంటలు కదిలించకూడదు. సగంలో పెడితే బాటరీ ఉబ్బిపోతుందన్నాడు. గుణశేఖర్ ఆ మాటలు బస్సెక్కే లోపలే మర్చిపోయాడు. వెంట పోయిన పరంధామయ్య మర్చిపోలేదు. ఫోను చివరి కూత కూసి ఆరిపోయిన తర్వాతే ఆయన దాన్ని తెచ్చి ప్లగ్గు దగ్గర పెట్టేవాడు.

"మీ మామ దానికి ప్రాణం పోయేదాకా సూసి, అప్పుడు తులసి తీర్థం పోస్తాడు," అని సుబ్బులమ్మ ఎగతాళి చేసేది. అందరూ నవ్వేవాళ్ళు. ఆయన కూడా.

ఆ రోజు ఆయన చార్జరు పీకి, వైరు చుట్టి, ఫోనును గూట్లో పెట్టాడు. పదకొండుకు కొంచెం ముందు అది కూత కూసి ఆరిపోయింది. మూడుకు కరెంటు వచ్చింది. అప్పుడు పెట్టాడు, ఆపేసే. నాలుగు గంటల లెక్క ప్రకారం ఏడు దాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. సాయంత్రం స్కూలు నుంచి వచ్చిన పవిత్ర ఫోను చార్జింగులో ఉండడం చూసి, ఫోనేమైనా వచ్చిందా అని అత్తను అడిగింది. రాలేదంది సుబ్బులమ్మ. అది అబద్ధం కాదు.

టమోటాల లోడుతో మద్రాసు పోయిన గుణశేఖర్ వాన్ ఆరున్నరకు ఇంటి ముందు ఆగింది. తమిళనాడులో అతని ఫోను పనిచేయదు. సరిహద్దు దాటి ఇవతలికి వచ్చాకే మోగిందట. అతను చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వచ్చి, భార్య భుజాలు పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టాడు. నిర్మలమ్మ నాలుగున్నరకు పోయింది. పదకొండు నుంచి ఆయాసం ఎక్కువై, కూతుర్ని పిలిపించమని అడుగుతూనే ఉందట. రూపేష్ అయిదు సార్లు ఈ ఇంటికి ఫోను చేశాడు. అయిదు సార్లూ స్విచ్ ఆఫ్ అనే వచ్చింది. ఈ ఊళ్ళో ఇంకెవరి నంబరూ అతని దగ్గర లేదు.

పవిత్ర ఏడవలేదు. మొగుడి మొహంలోకి చూస్తూ, "నేను పొద్దున చార్జింగు పెట్టే పొయినాను కదా" అంది.

పరంధామయ్య వంటింటి గడప దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన నోరు తెరవబోయే లోపల సుబ్బులమ్మ అందుకుంది. "పిన్ను పెట్టినావు గానీ, స్విచ్ వేయకుండా పొయినట్టుండావు. ఆయమ్మ ధ్యాసలో ఉండావు, పాపం. మీ మామ సూసి మూడు గంటలకు పెట్టినాడు."

ఎందుకన్నదో ఆమెకే తెలియదు. మొగుడి మొహం చూసింది, జరిగింది అర్థమైంది, మాట వచ్చేసింది. పరంధామయ్య తెరిచిన నోరు మూసుకున్నాడు.

కర్మలు శ్రీకాళహస్తిలో రూపేష్ ఇంట్లో జరిగాయి. అతను కలంకారీ పని చేస్తాడు, మెతక మనిషి. ఎవరినీ గట్టిగా ఒక మాట అనేవాడు కాదు. పదకొండో రోజు బంధువులందరూ భోజనాల దగ్గర ఉండగా, ఆఖరికి ఏమైందని ఎవరో అడిగితే, "మా అక్కకు ఫోను చార్జింగు పెట్టుకోను తీరిక లేకపోయింది" అన్నాడు. పవిత్ర విస్తరి ముందు నుంచి లేచిపోయింది. అక్కాతమ్ముళ్ళ మధ్య ఆ తర్వాత మాటలు లేవు.

ఇంటికి తిరిగి వచ్చాక ఆమెకు ఒక అలవాటు పట్టుకుంది. ఏ పని చేస్తున్నా మధ్యలో వచ్చి ప్లగ్గు దగ్గర నిలబడేది. స్విచ్ వేసేది, తీసేది, మళ్ళీ వేసేది. స్కూలుకు బయల్దేరి సగం దూరం పోయి వెనక్కి వచ్చి చూసిపోయేది. అన్నం ముందు కూర్చుంటే నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని చేయి కడుక్కునేది. మనిషి సగమైంది. పలకరించడానికి వచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో ఆమే ముందుగా చెప్పేది, పిన్ను పెట్టి స్విచ్ వేయడం మర్చిపోయాననీ, ఆ ఒక్క వేలు నొక్కి ఉంటే ఒంటిగంటన్నరకల్లా అమ్మ దగ్గర ఉండేదాన్ననీ. రోజూ అదే మాట. వింటున్న పరంధామయ్య కండువా దులుపుకుని ఆవు దగ్గరికి పోయేవాడు.

ఒకసారి పెరట్లో ఆయన భార్యతో, చెప్పేస్తానన్నాడు. సుబ్బులమ్మ కళ్ళొత్తుకుంది. పోయిన మనిషి ఎట్లాగూ రాదనీ, ఇప్పుడు చెప్తే కోడలు ఈ గడపలో ఉంటుందా అనీ, నాలుగు దినాలు పోతే అదే సర్దుకుంటుందనీ నచ్చజెప్పింది. ఆయన తలాడించాడు. ఆ తలాడించడం సుబ్బులమ్మ మాటకు కాదు, తన లోపలి పిరికితనానికని ఆయనకు తెలుసు. అప్పటి నుంచి ఫోనును ముట్టుకోవడం మానేశాడు.

నెల మాసికం దాటిన మూడో రోజు. పొద్దున ఏడు గంటలు. పొయ్యి మీద పాలు పెట్టిన పవిత్రకు స్విచ్ గుర్తొచ్చింది. హాల్లోకి వచ్చి ప్లగ్గు దగ్గర నిలబడిపోయింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయి, గ్యాసు వాసన ఇల్లంతా నిండింది. పెరట్లో మొహం కడుక్కుంటున్న గుణశేఖర్ పరిగెత్తుకొచ్చి సిలిండరు కట్టేశాడు. భయపడిపోయాడు. ఆ భయమే కోపమైంది.

"ఎన్ని దినాలే ఇట్లా? ఆ స్విచ్చి దగ్గర ఏముండాది? ఈ జాగ్రత్త ఆ పొద్దు ఉండింటే సరిపోయేది."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. పవిత్ర అవునన్నట్టు తలూపింది. ఆ తలూపడం చూసి పరంధామయ్య కుర్చీలోంచి లేచాడు.

"ఆ పొద్దు ఆ పాప స్విచ్ వేసే పొయింది" అన్నాడు.

సుబ్బులమ్మ వంటింట్లోంచి ఏదో అనబోయింది. ఆయన చేయెత్తి ఆపాడు. "నువ్వు ఊరుకో. ఇన్ని దినాలు నీ మాట అడ్డం పెట్టుకోని బతికినాను." తర్వాత కోడలి వైపు తిరిగాడు గానీ కళ్ళు ఎత్తలేదు. "నేనే తీసినానమ్మా. ఇంకా ఒక గీత ఉండాది, ఖాళీ కాకుండా పెడితే బాటరీ చెడిపోతుందని తీసినాను. సాయంత్రం దాకా ఆపేసి పెట్టింది కూడా నేనే."

గుణశేఖర్ తండ్రిని చూస్తూ నిలబడిపోయాడు. పవిత్ర చేయి ఇంకా స్విచ్చి మీదే ఉంది. దాన్ని మెల్లగా కిందికి దించింది.

"చార్జరు తీసింది తెలియక తీసినారు మామా. దానికి నేను మిమ్మల్ని ఏమీ అనను." ఆమె గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "నెల దినాలు. వచ్చిన ప్రతి మనిషితో నేనే మర్చిపోయినానని చెప్పుకున్నాను. మా తమ్ముడు నలుగురిలో అంటే లేచి వచ్చేసినాను, వాడు అన్నది నిజమే కదా అని. మీరు ఆడనే కూర్చోనుండారు. మజ్జిగ పోసుకుంటా ఉండారు."

"తెలియక చేసింది ఒకటి. తెలిసి చేసింది ఇది" అన్నాడు ఆయన.

పవిత్ర గదిలోకి పోయి రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. తమ్ముడి దగ్గరికి పోతానంది. ఎప్పుడొస్తావని గుణశేఖర్ అడిగితే తెలియదంది. వాన్‌లో దింపుతానంటే వద్దంది. సుబ్బులమ్మ అడ్డం వచ్చి, తప్పు తనదనీ, అబద్ధం చెప్పింది తానేననీ, కావాలంటే రెండు దెబ్బలు కొట్టమనీ ఏడ్చింది. పవిత్ర ఆమె చేతులు పక్కకు తీసి బయటికి నడిచింది.

క్రాసులో బస్సు కోసం నిలబడి ఉండగా పరంధామయ్య వచ్చాడు. చొక్కా తొడుక్కుని, కండువా వేసుకుని, ఆయాసపడుతూ.

"నేనూ వస్తానమ్మా. నువ్వు చెప్తే నీ తమ్ముడు నమ్మకపోవచ్చు. నేను చెప్పాల."

ఆమె వద్దనలేదు. రమ్మనీ అనలేదు. బస్సులో ఆమె ముందర ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది, ఆయన వెనక నిలబడ్డాడు. తిరుపతిలో దిగి కాళహస్తి బస్సు ఎక్కారు. ఆసుపత్రి వైపు పోయే రోడ్డు వచ్చినప్పుడు పవిత్ర తల కిటికీకి ఆనించి కళ్ళు మూసుకుంది.

రూపేష్ ఇంటి ముందు రంగులద్దిన గుడ్డలు ఆరేసి ఉన్నాయి. అక్కను చూసి అతను లేచాడు గానీ పలకరించలేదు. పెద్దాయనను చూసి లోపలికి రమ్మన్నాడు. పరంధామయ్య గుడ్డల మధ్యనే ఆగిపోయాడు.

"చెప్పినాక రమ్మంటే వస్తాను నాయనా" అన్నాడు.

నిలబడే అంతా చెప్పాడు. గీత సంగతి, కొట్టతని మాట, భార్య అబద్ధం, తన మౌనం. ఎక్కడా తనను వెనకేసుకు రాలేదు. మధ్యలో రెండుసార్లు ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. "ఇంత వయసొచ్చి, కోడలి ముందర తప్పు ఒప్పుకోను భయపడినాను. మీ అక్క ఒక్క నిమిషం కూడా మీ అమ్మను మర్చిపోలే. ఆ నింద నాది. నలుగురిలో అన్నావు కదా, నలుగుర్నీ పిలువు. వాళ్ళ ముందర కూడా చెప్తాను."

రూపేష్ చేతులకు అంటిన నల్ల రంగును చూసుకుంటూ నిలబడ్డాడు. మాట్లాడినప్పుడు ఆయనతో కాదు, అక్కతో మాట్లాడాడు.

"నేనూ ఒకటి దాచినాను అక్కా." "నాలుగోసారి ఫోను చేసినప్పుడు నేను విసుక్కుంటే అమ్మ నా చెయ్యి పట్టుకునింది. దాన్ని ఏమీ అనొద్దురా, స్కూల్లో బిడ్డల మధ్యలో ఉంటుంది, తీరినాక అదే చేస్తుంది అనింది. నిన్ను చూడాలనుకునింది నిజమే. నీ మీద కోపం మాత్రం పెట్టుకోలే. ఆ మాట నీకు చెప్పాల్సింది. నాకుండిన కోపంలో చెప్పలే."

పవిత్ర గుమ్మం మెట్టు మీద కూలబడింది. తల్లి పోయిన సాయంత్రం రాని ఏడుపు, కర్మల్లో రాని ఏడుపు, ఇప్పుడు వచ్చింది. మోకాళ్ళ మీద మొహం పెట్టుకుని, వెక్కి వెక్కి, చిన్నపిల్లలా ఏడ్చింది. రూపేష్ పక్కన కూర్చుని, రంగు చేతులు ఆమె చీరకు తగలకుండా ఎత్తిపట్టుకుని, భుజం ఆనించి తనూ ఏడ్చాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసి తలలు దించుకుని పోయారు.

పరంధామయ్య కాసేపు చూశాడు. ఇక ఇక్కడ తనకు పని లేదనిపించింది. కళ్ళు తుడుచుకుని, చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగి, గుడ్డలు తప్పించుకుంటూ వీధి వైపు నడిచాడు.

"మామా."

ఆగాడు. తిరిగి చూసే ధైర్యం లేదు.

పవిత్ర పైటతో మొహం తుడుచుకుని లేచి నిలబడింది. "నాకు మీ మీద కోపం పోలేదు. ఎప్పుడు పోతుందో కూడా తెలియదు." ఎండలో నిలబడ్డ ఆ ముసలి వీపును, చెమటకు తడిసిన చొక్కాను చూసింది. పొద్దున ఆయన కూడా ఏమీ తినకుండానే బయల్దేరాడని అప్పుడు గుర్తొచ్చింది.

"అన్నం వండుతాను. తినిపోండి" అంది. తర్వాత, అది తన గొంతేనా అన్నట్టు కొంచెం ఆగి, "నాకు కూడా ఆకలైతా ఉండాది" అంది.