పళ్ళెంలో రెండో రింగు

టింగ్!

అంతే. పిడుగు చేతిలోని ప్లయర్ కొసన ఇంతసేపూ ఉన్న చిన్న రింగు ఇప్పుడు లేదు.

పిడుగు నోరు తెరుచుకుని ప్లయర్ వంక చూసింది. తర్వాత నేల వంక చూసింది. తర్వాత, చూడకూడదనుకుంటూనే, ఎదురుగా నోరు తెరుచుకుని ఉన్న ఇంజిన్ వంక చూసింది.

"అందులోకి పడి ఉండదులే" అంది తనతో తనే.

పిడుగు అసలు పేరు బడి హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. పదేళ్ళు నిండకుండానే నట్టును చూసి దానికి ఏ నెంబరు స్పానర్ పడుతుందో చెప్పేస్తుంది. వాళ్ళమ్మ పాత మోటార్ సైకిళ్ళ మెకానిక్కు మరి. ఇంటి వెనక రేకుల షెడ్డే ఆవిడ వర్క్‌షాప్. తుప్పు పట్టి, చక్రాలు ఊడి, ఇక తూకానికి వేసేయడమే అనుకున్న బండ్లు అక్కడికి వస్తాయి. కొన్నాళ్ళకి డుగ్గుడుగ్గుమంటూ బయటికి పోతాయి.

ఇప్పుడు స్టాండు మీదున్నది ట్రయల్స్ బండి. రోడ్డు మీద రయ్యిమని దూసుకుపోయే రకం కాదు. సన్నగా, తేలిగ్గా ఉండి, మేకపిల్లలా బండరాళ్ళు ఎక్కే బండి. వాళ్ళమ్మ కంటే వయసులో పెద్దది. దీని పిస్టన్ అరిగిపోతే కొత్తది దొరక్క అమ్మ ఎక్కడెక్కడో వెతికింది. చివరికి ఒక మూతపడ్డ కొట్టు గోదాములో ఒకే ఒక్కటి మిగిలి ఉందని తెలిసి తెప్పించింది. అది పాడైతే ఇంకోటి లేదు. ఇవాళ బిగించాలి. రేపు పాత బండ్ల పోటీ.

పాత పిస్టన్ తీయాలంటే దాన్ని పట్టుకుని ఉండే పిన్నుకి అటొకటి ఇటొకటి ఉన్న లాకు రింగులు తీయాలి. సన్నటి ఇనప తీగతో చేసినవి, గోరంత ఉంటాయి. తీసేటప్పుడు మిడతలా ఎగురుతాయి. అందుకే అమ్మ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. ముందు ఇంజిన్ నోట్లో గుడ్డ కుక్కాలి. తర్వాతే రింగు ముట్టుకోవాలి. తీసిన ప్రతి ముక్కా పళ్ళెంలో పెట్టాలి. లోపల్నించి వచ్చిందంతా పళ్ళెంలో కనిపిస్తేనే అమ్మ ఇంజిన్ మూస్తుంది.

"గుడ్డ పెట్టి తీయవే. నేను ఫోన్ మాట్లాడొస్తా" అని అమ్మ బయటికి వెళ్ళింది.

మొదటిసారి రింగు తీసే పని తన చేతికొచ్చింది. పిడుగు కాళ్ళు నేల మీద నిలవలేదు. గుడ్డేమో షెడ్డు ఆ చివర మేకుకి వేలాడుతోంది. "రెండు రింగులకి గుడ్డెందుకు?" అనుకుంది. మొదటిది బుద్ధిగా వచ్చి పళ్ళెంలో కూర్చుంది. రెండోది టింగ్!

నేలంతా పాకింది. బెంచీ కింద చూసింది. చీపురు పుల్లల్లో చూసింది. తన జడలో కూడా వెతుక్కుంది. లేదు.

బయట అమ్మ చెప్పుల చప్పుడు.

అప్పుడు చేసింది అసలు పని. బెంచీ మీద పాత సామాన్ల డబ్బా ఉంది. అందులో చెయ్యి పెట్టి కెలికితే అచ్చం అలాంటి రింగే ఒకటి తగిలింది. దాన్ని తీసి పళ్ళెంలో, మొదటి దాని పక్కన పెట్టేసింది. చెయ్యి వెనక్కి తీసుకునేసరికి అమ్మ గుమ్మంలో ఉంది.

"అయ్యిందా?"

"ఆఁ."

అమ్మ పళ్ళెంలోకి చూసింది. రెండు రింగులు. "శభాష్!" అంది.

ఆ శభాష్ పిడుగు చెవిలో ముల్లులా గుచ్చుకుంది.

అమ్మ పాత పిస్టన్ తీసి కొత్తది పెట్టింది. కొత్త లాకు రింగులు వేసింది. దాని మీద సిలిండర్ దించి బిగించింది. ఒక్కో నట్టూ బిగుసుకుంటోంది. ఇప్పుడు చెప్పాలి అనుకుంది. ఈ నట్టయ్యాక చెబుతా అనుకుంది. నట్లన్నీ అయిపోయాయి.

సాయంత్రం బండి యజమాని వచ్చింది. ఆవిణ్ణి చూసి పిడుగు ఒక అడుగు వెనక్కి వేసింది.

డ్రాయింగ్ టీచర్!

బడిలో ఆవిడంటే అందరికీ హడల్. గీత వంకరపోతే కళ్ళజోడు మీదనుంచి ఒక్క చూపు చూస్తుంది, పెన్సిల్ దానంతటదే కింద పడుతుంది. ఆ టీచరే ఇప్పుడు మోకాళ్ళదాకా బూట్లు వేసుకుని, చంకలో హెల్మెట్ పెట్టుకుని, షెడ్డులోకి దర్జాగా నడిచి వస్తోంది.

"ఏం, టీచర్లు బండి నడపకూడదా?" అంది పిడుగు మొహం చూసి.

పిడుగు తల అడ్డంగా ఊపింది. తర్వాత నిలువుగా ఊపింది. ఏది సరైనదో తెలియలేదు.

టీచర్ బండి చుట్టూ తిరిగింది. ట్యాంకు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడింది. "ఇది మళ్ళీ నడుస్తుందనుకోలేదమ్మా. నేనూ మళ్ళీ నడుపుతాననుకోలేదు" అంది అమ్మతో.

అమ్మ పెట్రోల్‌లో ఆయిల్ కలుపుతుంటే టీచర్ పిడుగు పక్కన స్టూలు మీద కూర్చుంది.

"ఇది వేగం పందెం కాదు. రాళ్ళ మీదా, దుంగల మీదా నెమ్మదిగా పోవాలి. కాలు నేలకి ఆనకూడదు. ఆనిందా, ఒక మార్కు పోయింది."

"ఆనకపోతే?"

"ఆనకుండా దాటితే మంచిదే. కానీ బండి ఒరిగిపోతుంటే కాలు పెట్టేయాలి. పెట్టనని మొండికేస్తే బండితో సహా పడతాం. ఐదు మార్కులు పోతాయి. చిన్నప్పుడు నేను చచ్చినా కాలు పెట్టేదాన్ని కాదు, పరువు తక్కువని. చూడు ఫలితం." ప్యాంటు మీదనుంచే మోకాలు తట్టి చూపించింది. "ఇది విరిగి, అతుక్కునేసరికి బండి తుప్పు పట్టిపోయింది."

పిడుగు ఆ మోకాలి వంకే చూస్తూ ఉండిపోయింది.

"రండి టీచరుగారూ, మీ చేతుల మీదుగానే కానివ్వండి" అంది అమ్మ.

టీచర్ బండెక్కి కిక్కు కొట్టింది. బుస్సుమంది. మళ్ళీ కొట్టింది. ఫట్ మని ఒక దగ్గు దగ్గి ఆగింది.

"పట్టుకుంటోంది! ఇంకొక్కటి!" అమ్మ చప్పట్లు కొట్టింది.

పిడుగు ఒక అడుగు ముందుకేసింది. ఇంజిన్ అందుకుంటే ఆ రింగు లోపల గింగిరాలు కొడుతుంది. పిస్టన్ ముక్కలవుతుంది. టీచర్ మీదున్నప్పుడు ఇంజిన్ బిగుసుకుపోతే? ఆ మోకాలు?

టీచర్ కాలు పైకి లేచింది.

"ఆపండి!"

అరుపు కంటే ముందే పిడుగు దూకింది. ఇంజిన్ ఆగాలంటే ఏం పీకాలో దానికి తెలుసు. నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు మీది క్యాప్ పట్టుకుని ఒక్క లాగు లాగింది. అదే క్షణంలో టీచర్ కాలు కిందికి వచ్చింది. పిడుగు చేతి నుంచి భుజం దాకా ఎవరో సుత్తితో కొట్టినట్టయింది.

"అమ్మో!"

వెనక్కి పడి, కూర్చుండిపోయింది. చేతిలో క్యాప్ ఉంది. ఇంజిన్ అందుకోలేదు. టీచర్ కాలు కిక్కు మీదే ఉండిపోయింది. అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమే, పిచ్చెక్కిందా? కరెంటు కొడుతుందని తెలీదూ!" అమ్మ పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది.

"రింగు లోపలుందమ్మా" అని పిడుగు బావురుమంది.

"ఏ రింగు?"

"రెండోది. ఎగిరిపోయింది. నేను గుడ్డ పెట్టలేదు."

అమ్మ పళ్ళెం వైపు చూసింది. "రెండూ పళ్ళెంలోనే ఉన్నాయిగా?"

"ఒకటి డబ్బాలోది. నేనే పెట్టాను."

పిడుగు తిట్ల కోసం చెవులు మూసుకుంది. తిట్లు రాలేదు. అమ్మ అలాగే నేల మీద కూలబడింది. పిడుగు ఎప్పుడూ అమ్మని అలా చూడలేదు. అమ్మ అరిస్తే అలవాటే. ఇది కాదు.

అమ్మ పళ్ళెం దగ్గరికి లాక్కుంది. "రింగు జారడం పెద్ద విషయం కాదే. నా చేతిలోంచి ఎన్ని జారాయో! జారిందంటే వెతుకుతాం. కానీ నేను పళ్ళెం చూసే ఇంజిన్ మూస్తాను. ఆ పళ్ళెమే నిజం చెప్పకపోతే, ఇంక నేను దేన్ని చూసి మూయాలి?"

పిడుగు లేచి స్పానర్ తెచ్చింది.

మళ్ళీ నట్లన్నీ విప్పారు. సిలిండర్ పైకెత్తి టార్చి వేసి చూశారు. నల్లటి ఆయిల్ తప్ప ఏమీ కనపడలేదు. తీగకి అయస్కాంతం కట్టి లోపలికి దింపారు. అది రింగుని వెతకడం మానేసి లోపల తిరిగే క్రాంకు ఇనప చక్రాలకే అతుక్కుని కూర్చుంది.

"బయటే పడిందేమోనే?" అంది అమ్మ ఆశగా.

"తెలీదమ్మా. నేల మీద మాత్రం దొరకలేదు."

ఇక ఇంజిన్ మొత్తం బండిలోంచి దించాల్సి వచ్చింది. టీచర్ చొక్కా చేతులు పైకి మడిచి ఒకవైపు పట్టుకుంది. అమ్మ ఇంకోవైపు. ఇద్దరూ కలిసి దాన్ని తలకిందులు చేసి ఊపారు. పిడుగు కింద తెల్లగుడ్డ పరిచి, ఊపిరి బిగబట్టి కూర్చుంది.

ఆయిల్ కారింది. మళ్ళీ ఊపారు. మళ్ళీ ఆయిలే. మూడోసారి,

టిక్.

గుడ్డ మీద రింగు. కానీ గుండ్రంగా లేదు. నలిగి, ఒక పక్క నొక్కుకుపోయి, కొక్కెంలా ఉంది. కొట్టిన కిక్కులకే దాని గతి అలా అయింది. ఇంజిన్ నిజంగానే అందుకుని ఉంటే?

ముగ్గురూ దాని వంకే చూశారు. టీచర్ తన మోకాలు ఒకసారి తడుముకుంది.

"మళ్ళీ బిగిద్దాం. పిస్టన్‌కి ఏం కాలేదు" అని అమ్మ లేచింది. పిడుగు ఎవరూ చెప్పకుండానే గుడ్డ తెచ్చి ఇంజిన్ నోట్లో కుక్కింది. బాగా పొద్దుపోయాక బండి డుగ్గుడుగ్గుమని నవ్వింది. టీచర్ కూడా నవ్వింది. పిడుగుకి మాత్రం నవ్వు రాలేదు. అమ్మ దానికి ఆ రాత్రి ఇంకే పనీ చెప్పలేదు.

పొద్దున్న మాత్రం, బండిని వ్యాను ఎక్కించే హడావుడిలో, "వెనక చక్రం నట్టు బిగించవే" అని స్పానర్ చేతికిచ్చింది. పిడుగు ప్రాణం లేచొచ్చింది. బిగిస్తుండగానే వ్యాను డ్రైవర్ కేకేశాడు. పిడుగు అటు పరిగెత్తింది.

పోటీ మైదానం నిండా గుట్టలూ, దుంగలూ, బురదా. తాడు కట్టిన దారికి అటూ ఇటూ జనం. టీచర్ వంతు వచ్చింది. హెల్మెట్ పెట్టుకుని, బండి మీద ఎంత నిటారుగా కూర్చుందంటే, తరగతి పిల్లలు చూస్తే గుర్తుపట్టరు. పిడుగు గర్వంగా బండి కేసి చూసింది. ముందు చక్రం, ట్యాంకు, చైను, వెనక చక్రం...

దాని చూపు వెనక చక్రం నట్టు దగ్గర ఆగిపోయింది.

నట్టు చివరిదాకా బిగించానా?

గుర్తు రావడం లేదు. బిగించే ఉంటాను. అమ్మ చూసే ఉంటుంది. ఇంతమందిలో అడ్డుపడితే నవ్వుతారు. రెఫరీ అప్పటికే విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

పిడుగు తాడు కింద దూరి పరిగెత్తింది.

"టీచర్, ఆగండి! వెనక నట్టు నేనే బిగించాను. పూర్తిగా బిగించానో లేదో గుర్తు లేదు!"

జనం గొల్లున నవ్వారు. రెఫరీ విజిల్ చేతిలోకి తీసుకుని చిరాకుపడ్డాడు. "ఎవరీ పిల్ల? టైమవుతోంది మేడమ్. ఆలస్యమైతే ఒక మార్కు కోసేస్తాను."

"కొయ్యండి" అంది టీచర్. ఇంజిన్ ఆపేసింది.

అమ్మ స్పానర్‌తో వచ్చింది. నట్టుకి పెట్టి బలంగా తిప్పింది. నట్టు కదల్లేదు. బిగిసే ఉంది.

"చూశారా, ఊరికే మార్కు పోగొట్టుకున్నారు!" అన్నాడు రెఫరీ.

పిడుగు మొహం కందగడ్డలా అయింది. ఏడుపు ముక్కుదాకా వచ్చింది. అమ్మ వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. అమ్మ చెయ్యి మాత్రం వచ్చి దాని భుజం మీద పడింది. అక్కడే ఉండిపోయింది.

టీచర్ కళ్ళజోడు సర్దుకుంది. రెఫరీని చూడలేదు. జనాన్ని చూడలేదు. పిడుగునే చూసింది.

"ఇంకేమైనా ఉందా అమ్మాయ్?"

పిడుగు బండిని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. తొందరపడకుండా, తను ముట్టుకున్న ప్రతిదీ గుర్తు చేసుకుంది.

"లేదు టీచర్."

"అయితే సరే" అని టీచర్ కిక్కు కొట్టి, మొదటి బండరాయి మీదికి బండిని ఎక్కించింది.