పేరున్న గొర్రె

వేల ఏళ్ల కిందటి ఊర్ అనే పట్నం గోడల అవతల, కాలువ గట్టున, గొర్రెల మీద బతికే ఇల్లది. పొద్దు వాలగానే ముసలి నిన్మూ మనవరాలు గెమేని మిద్దె మీదికి తీసుకెళ్లి చుక్కలు చూపించేది. చుక్కలన్నీ బుద్ధిగా మందలో నడిస్తే, ఐదు మాత్రం తప్పిపోయి తిరిగేవి. వాటిని అడవి గొర్రెలు అనేవాళ్లు.

"అదిగో, ఆ గంతులేసేది గుఉద్. ఆ సోమరిది సగుష్, అంటే కుదురుగా ఉండేది. మెరుస్తూ వచ్చే కుర్రాడు షుల్పయె. ఆ దొరసాని నిన్సియన్న."

"మరి ఆ నిప్పుకణం, నానమ్మా?"

"దాని పేరు ఇంట్లో అనకూడదే తల్లీ. చావులు పంచేది అని అర్థం. పిలిస్తే వచ్చి కూర్చుంటుంది."

ఆ గెమే ఇప్పుడు మంచం పట్టింది. మాయదారి జ్వరం ముందు మందని ఊడ్చేసి, తర్వాత మనుషుల మీద పడింది. తండ్రి కాలువ పూడిక పనికి పోయి ఇంకా రాలేదు. తల్లి నిన్‌హెదు కాలుగాలిన పిల్లిలా దొడ్డికీ మంచానికీ మధ్య తిరుగుతోంది.

ఉన్న దారి ఒక్కటే. గొర్రెకి పిల్ల బట్టలు తొడిగి, పక్కన పడుకోబెట్టి, పిల్ల పేరు దాని చెవిలో చెప్పాలి. కోసి, కన్నబిడ్డ పోయినట్టే ఏడ్చి పాతిపెట్టాలి. చావు దాన్ని తీసుకుని పోతుంది. తర్వాత పిల్లని ఆ పేరుతోనే పిలిస్తే, పేరు తిరిగొస్తుంది. కానీ దొడ్లో గొర్రేది?

ఆ సాయంత్రం చప్పుడైంది. వెళ్లి చూస్తే... దొడ్లో ఒక గొర్రె. ఎర్రటి బొచ్చు. చెవికి గాటు లేదు. ఎవరిదో తెలియదు. రాత్రి వానకి దొడ్డంతా బురదే, దాని గిట్టలకి మాత్రం మట్టి అంటలేదు. కాలిన బొచ్చు వాసన.

నిన్మూ మిద్దె దిగి వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"కోడలా... పైన అడవి గొర్రెల్లో ఒకటి తక్కువైంది."

"మబ్బు పట్టి ఉంటుందిలే, అత్తా."

"మబ్బెక్కడిదే? దాన్ని వదిలెయ్. మన గొర్రెలకి పేర్లుండవు, అందుకే పిల్ల పేరు మోస్తాయి. దీనికి ముందే ఒక పేరుంటే?"

"నీ చుక్కలు నీ దగ్గరే ఉంచుకో! నా బిడ్డ పోతోంది!"

నిన్‌హెదు గొర్రెని లాక్కొచ్చింది. లాగక్కర్లేదు... అదే నడిచింది. బట్టలు తొడుగుతుంటే కదల్లేదు. పిల్ల పక్కన తనంతట తనే పడుకుంది. ఆమె వంగి, దాని చెవిలో "గెమే" అంది.

గొర్రె తల తిప్పి, పిల్ల చెవి దగ్గర నోరు పెట్టింది. ఏదో గొణిగినట్టయింది.

నిన్‌హెదు అది వింది. అయినా కత్తి ఆపలేదు.

దొడ్డి వెనక పాతిపెట్టి, నెత్తి కొట్టుకుని ఏడ్చి లోపలికొచ్చేసరికి... పిల్ల లేచి కూర్చుంది! ఒళ్లు చల్లగా ఉంది. బార్లీ రొట్టె పట్టుకుని తింటోంది. నిన్‌హెదు వాటేసుకుని భోరుమంది. అంత సంతోషం ఆమె జన్మలో ఎరగదు.

"నా బంగారు తల్లీ! గెమే!"

పిల్ల తల ఎత్తలేదు.

"గెమే... ఇటు చూడమ్మా..."

రొట్టె నములుతూనే ఉంది. నిన్‌హెదు గట్టిగా పిలిచింది.

"గెమే!"

"ఆఁ... అమ్మా..."

పలికింది బయట నుంచి. దొడ్డి వెనక... మట్టి కింద నుంచి.

పిల్ల అప్పుడు తలెత్తి నవ్వింది.

"నువ్వు పిలిచింది నన్ను కాదుగా. నా పేరు నానమ్మకి తెలుసు."

మూలన నిన్మూ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఒళ్లంతా చలిజ్వరంతో ఎగిరెగిరి పడుతోంది.

"అమ్మా... ఊపిరాడట్లేదే..." మట్టి కింది గొంతు మళ్లీ పలికింది.

నిన్‌హెదు పార అందుకుని దొడ్డి వెనక్కి పరిగెత్తింది. పిచ్చిదానిలా తవ్వింది. వీధిలో పక్కింటి తలుపు తట్టిన చప్పుడైంది. "ఓసి నువ్వా, తగ్గిందా తల్లీ! లోపలికి రా" అని పక్కింటామె మురిసిపోతోంది.

నిన్‌హెదు తలెత్తి చూసింది. తమ గడప నుంచి ఆ గడప దాకా నున్నటి బురద. దాని మీద ఒక్క అడుగు గుర్తూ లేదు.