నేపాల్ జీపు

లైట్లు ఆపేశాడు ఉపేందర్.

చీకట్లో జీపు ఊగిపోతోంది. ఎడమ పక్కన మట్టి గుట్ట... ఓపెన్‌కాస్ట్ గని నుంచి తవ్వి పోసిన మట్టి. కుడి పక్కన ఏముందో కనిపించడం లేదు. చూసే తీరికా లేదు.

వెనక స్కార్పియో!

అద్దంలో రెండు తెల్లటి లైట్లు. దగ్గరవుతున్నాయి... ఇంకా దగ్గరవుతున్నాయి.

"భయపడకే అన్నా," అన్నాడు పక్క సీట్లో మనిషి. "గిట్లనే పోనియ్యి. పాత ఇంక్లైన్ కాడికెళ్లి దారున్నది."

ఆ మనిషి పేరు రాజం అట. కాసేపటి కింద కాలనీ మూల మీద చెయ్యెత్తాడు. నెత్తిన హెల్మెట్, కాళ్లకు బూట్లు, చేతిలో టిఫిన్ డబ్బా. "జర ఎక్కించుకో అన్నా, ముస్టర్ పోతది," అన్నాడు. ముస్టర్ అంటే డ్యూటీ మొదట్లో వేసే హాజరు.

ఉపేందర్ ఆపాడు. గోదావరిఖనిలో పుట్టినవాడెవడైనా ఆపుతాడు. డ్యూటీకి పోయే మనిషిని రోడ్డు మీద వదిలేసి పోతే ఇక్కడ మొహం మీదే తిడతారు. ఉపేందర్ తండ్రి సదయ్య బతికినన్నాళ్లూ ఎవరెవరి బండ్లో ఎక్కే బాయికి పోయాడు. ఇక్కడ గనిని బాయి అనే అంటారు, అందులోకి దిగే ఏటవాలు దారిని ఇంక్లైన్ అంటారు.

అప్పటికింకా వెనక ఎవరూ లేరు.

ఆ తర్వాతే వచ్చింది స్కార్పియో. పోలీస్ స్టేషన్ రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. అప్పుడు రాజమే "ఎవలన్నా వీళ్లు? ఎడమకు తిప్పు, నేను దారి చూపిస్త," అన్నాడు. దేవుడే పంపాడనుకున్నాడు ఉపేందర్.

టైరు గుంతలో పడింది. జీపు ఎగిరి కింద కూలింది. ఇంజన్ మాత్రం ఆగలేదు.

ఆగదు. ఇది మామూలు బండి కాదు మరి! అరవై ఏళ్ల నాటి ల్యాండ్ రోవర్. నేపాల్‌లో, ఇలాం తేయాకు తోటల్లో మూటలు మోసి మోసి చివరికి ఓ రేకుల షెడ్డులో కూలబడింది. తాబిష్ దాన్ని చూసి మనసు పారేసుకున్నాడు. తాబిష్, ఉపేందర్ ఒకే షెడ్డులో పని నేర్చుకున్న మెకానిక్కులు. ఒకరి పానా ఒకరు అడక్కుండా తీసుకునేంత స్నేహం.

యాభై ఏళ్లు దాటిన పాత బండిని దేశంలోకి తెచ్చుకోవచ్చు. పన్ను కట్టి, కాగితాలు చూపించి, దర్జాగా! అలాగే తెచ్చారు. సరిహద్దు గేటు దాటిన రోజు తాబిష్ బానెట్‌కు ముద్దు పెట్టాడు. పక్కన సిపాయిలు నవ్వారు.

కాగితాల పని మాత్రం శివకు అప్పజెప్పారు.

శివకు హైదరాబాద్‌లో పాత బండ్ల షోరూం ఉంది. తెల్ల చొక్కా, తియ్యటి మాట. ఆ మాటకు పడిపోయారు పిచ్చివాళ్లిద్దరూ! అవే కాగితాల నకళ్లు తీసి, అదే ఛాసిస్ నంబరు దొంగగా కొట్టించి, శివ ఇంకో ఐదు జీపులు సరిహద్దు దాటించాడు. చివరిది పట్టుబడింది. కాగితాల మీద ఉన్న పేరు తాబిష్‌ది.

ఇప్పుడు తాబిష్ సరిహద్దు దగ్గర జైల్లో ఉన్నాడు. దొంగ అన్న పేరుతో.

అసలు నంబరు ఒక్కచోటే ఉంది. ఈ జీపు ఇనుము మీద! ఫ్యాక్టరీలో కొట్టిన అచ్చు. రేపు పొద్దున కస్టమ్స్ ఆఫీసర్ వస్తున్నాడు. ఈ అచ్చును కళ్లారా చూస్తే మిగతావన్నీ దొంగ అచ్చులని తేలిపోతుంది. తాబిష్ ఇంటికొస్తాడు.

చూడ్డానికి జీపే లేకపోతే?

అందుకే సాయంత్రం షెడ్డు మీదికి గడ్డపారలతో వచ్చారు శివ మనుషులు. భార్య దీప గేటు దగ్గర వాళ్లను మాటల్లో పెట్టింది. ఉపేందర్ వెనక దారిన జీపు బయటికి తీశాడు. స్టేషన్ ఆవరణలో పెట్టేస్తే ఈ ఒక్క రాత్రి గట్టెక్కుతుందనుకున్నాడు.

వెనక హారన్! చెవులు చిల్లులు పడేలా!

ఉపేందర్ యాక్సిలరేటర్ తొక్కాడు. బొగ్గు మోసే బెల్టు కింద నుంచి దూసుకుపోయింది జీపు.

బెల్టు కదలడం లేదు.

ఇంక్లైన్ సైకిల్ స్టాండు... ఖాళీ. క్యాంటీన్‌కు తాళం. షిఫ్టు బస్సు ఆగే చోట రెండు కుక్కలు పడుకున్నాయి.

ఉపేందర్‌కు అప్పుడు గుర్తొచ్చింది.

ఈ రోజు ఆదివారం!

ప్లే డే! బాయికి సెలవు! ఆదివారం రాత్రి ముస్టర్ ఎక్కడిది? లోపల నీళ్లు తోడే పంపుల దగ్గర నలుగురు తప్ప, డ్యూటీ మనిషన్నవాడు ఎక్కడున్నాడు?

అలవాటు ఎంత పని చేసింది! హెల్మెట్ కనిపించగానే కాలు బ్రేకు మీదికి పోయింది. బుర్ర మాత్రం పని చేయలేదు.

ఏమీ తెలియనట్టు అడిగాడు ఉపేందర్.

"ఇయ్యాల మీ షిఫ్టుల సర్దార్ ఎవలు తమ్మీ?"

షిఫ్టును నడిపించే సర్దార్ పేరు తెలియని కార్మికుడుండడు.

"కొత్తాయనే అన్నా. పేరు యాదికొస్తలేదు."

ఉపేందర్ కిందికి చూశాడు. డాష్‌బోర్డు వెలుగులో బూట్లు మెరుస్తున్నాయి. ఒక్క బొగ్గు మరక లేదు.

చూస్తున్న చూపును రాజం పట్టేశాడు. టిఫిన్ డబ్బా మూత తీశాడు. లోపల అన్నం లేదు.

తపంచా!

"సోయికొచ్చినవ్ గద," అన్నాడు రాజం. "ఇగ సప్పుడు చెయ్యకుంట నడుపు."

"ఏడికి?"

"పాత క్వారీకి. బండిని నీళ్లల్లకు దింపుడే. నిన్ను ఏం చెయ్యం."

"తాబిష్ సంగతేంది?"

"గాడు నాకు చుట్టమా?"

ఉపేందర్‌కు ఒళ్లు మండిపోయింది. పాత క్వారీ సంగతి అతనికి తెలుసు. బొగ్గు తీసేశాక ఏళ్ల తరబడి నీళ్లు నిండిన గుంత అది. పోయిన వానాకాలం ఒక టిప్పర్ పడింది. గజ ఈతగాళ్లను తెచ్చి వెతికించారు. ఇప్పటికీ అడుగునే ఉంది. జీపు పడితే తాబిష్ కూడా దాంతోపాటు మునిగినట్టే.

"తిప్పకు," అన్నాడు రాజం. "సక్కగ..."

ఉపేందర్ తిప్పాడు!

కుడికి... బలమంతా పెట్టి! పాత జీపు తలుపంటే ఏముంది, సగం రేకు, ఒక చిన్న కొక్కెం. కొక్కెం ఊడింది. రాజం సీటు మీద నుంచి జారాడు. చెయ్యి గాల్లో దేన్నో పట్టుకోబోయింది.

ఢాం!

పైన టార్పాలిన్‌కు చిల్లు పడింది. రాజం చీకట్లోకి దొర్లిపోయాడు.

ఉపేందర్ వెనక్కి చూడలేదు. మలుపు తిరిగాడు... బ్రేకు తొక్కాడు!

దారి లేదు.

ఎదురుగా ఇంక్లైన్ గేటు. గొలుసు, తాళం. ఎడమన కట్ట, దాని అవతల క్వారీ. వెనక స్కార్పియో అడ్డంగా ఆగింది. నలుగురు దిగారు. చేతుల్లో గడ్డపారలు. ఐదోవాడు మెల్లగా దిగాడు. తెల్ల చొక్కా.

శివ.

"ఉపేందర్, ఎందుకీ గోల," అన్నాడు తీరిగ్గా. "బండి వదిలేసి ఇంటికి పో. నీ పేరు ఏ కాగితం మీదా లేదు."

"నా దోస్తు పేరున్నది."

"వాడి ఖర్మ వాడిది. నీకు పెళ్లాం ఉంది, షెడ్డు ఉంది."

ఎంత చల్లగా చెప్పాడో! పీక పట్టుకోవాలనిపించింది ఉపేందర్‌కు. కానీ వాళ్లు ఐదుగురు. తాను ఒక్కడు. ఫోన్ షెడ్డులోనే ఉండిపోయింది. చుట్టూ ఒక్క మనిషి లేడు.

మనుషులు కావాలి. ఊరంతా కావాలి... ఇప్పుడే కావాలి!

గేటు అవతల వాచ్‌మన్ గదిలో లైటు వెలుగుతోంది. గోడ మీద ఎర్ర మీట.

ఉపేందర్ దూకాడు. గేటు ఎక్కాడు. ముళ్ల తీగ మోచెయ్యిని చీల్చింది. గదిలోకి పడ్డాడు. వాచ్‌మన్ కొమురెల్లి తింటున్న కంచం వదిలి లేచాడు.

"ఎవలురా... ఉపేందర్? ఏందిరా గీ నెత్తురు?"

"కాకా, సైరన్ కొట్టు. నన్ను సంపుతున్నరు. బండి ముంచుతున్నరు."

కొమురెల్లి మొహం మారిపోయింది.

"సైరనా? నీకు మతిగిట్ల పోయిందా? ప్లే డే నాడు సైరన్ మోగితే కాలనీల ఏమనుకుంటరో ఎర్కలేదా? లోపట మనిషి పోయిండని ఉరికొస్తరు. పంపులకాడ నలుగురున్నరు లోపట. గాళ్ల ఆడోళ్లు ఏమైతరు?"

"ఎర్కే కాకా. ఫోన్ జెయ్యి పోలీసోళ్లకు."

"చేస్త. ఆగు, చేస్త."

బయట ఇనుము మీద ఇనుము మోగింది. గడ్డపారలు! జీపు చక్రాల కింద గడ్డపారలు పెట్టి కట్ట వైపు జరుపుతున్నారు. పోలీసులు వచ్చేసరికి ఏం మిగులుతుంది?

కొమురెల్లి ఫోన్ అందుకోవడానికి వంగాడు.

ఉపేందర్ మీట నొక్కేశాడు!

సైరన్ లేచింది. గుట్టల మీద నుంచి, చెట్ల మీద నుంచి, క్వార్టర్ల మీద నుంచి... తగ్గదు, ఆగదు. ఈ ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలిసిన కూత అది.

"పాపిష్టోడా," అన్నాడు కొమురెల్లి. ఉపేందర్‌ను పక్కకు నెట్టి మీట ఎత్తేశాడు. వెంటనే పంపుల దగ్గరికి ఫోన్ కలిపాడు.

అప్పటికే ఆలస్యమైంది. కాలనీలో లైట్లు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.

వస్తున్నారు!

బైకులు... ఆటోలు... సైకిళ్లు... పరుగులు. గడ్డపారలు ఆగిపోయాయి. శివ మనుషులు మొహాలు చూసుకున్నారు. ఒకడు గడ్డపారను తుప్పల్లోకి విసిరేశాడు. జీపు కట్టకు బారెడు దూరంలో ఆగింది.

గెలిచాను! ఉపేందర్ మళ్లీ గేటు ఎక్కి ఇవతలికి దూకి గట్టిగా నవ్వాడు.

అప్పుడు ఆ మొహాలు కనిపించాయి.

చెప్పుల్లేకుండా ఉరికొచ్చిన ఆడవాళ్లు. పిండి చేతులు. సగం కట్టిన చీరలు. ఒకామె బట్టలు తడిసిపోయి ఉన్నాయి, స్నానం మధ్యలోంచి వచ్చింది. అందరి కళ్లూ ఇంక్లైన్ నోటి వైపే. ఉపేందర్ నవ్వు ఆగిపోయింది.

అందరికంటే ముందు కనకవ్వ వచ్చింది. రెండేళ్ల కింద కప్పు కూలి భర్త పోయిన మనిషి. ఇప్పుడు ఆమె తమ్ముడు పంపు డ్యూటీలో ఉన్నాడు.

"ఎవలు పోయిండ్రురా?" అంది.

"ఎవ్వలు పోలే అక్కా. అందరు మంచిగున్నరు. నేనే కొట్టిన. గా బండి కోసం..."

కనకవ్వ జీపు వైపు చూసింది. ఉపేందర్ వైపు చూసింది. చెంప మీద ఒక్కటి ఇచ్చింది!

"బండి కోసమా?"

ఇంకేం వినిపించలేదు. జనం మీద పడ్డారు. చొక్కా చిరిగింది. పెదవి పగిలింది. "తాబిష్ కోసం చేసిన! వినుండ్రి!" అని అరిచాడు. "ఒక్క దొంగ కోసం ఊరి పాణం తీస్తవా?" అన్నారెవరో.

"గీడు తాగిండు," అని ఇంకో గొంతు లేచింది.

జనం తప్పుకున్నారు. కుంటుకుంటూ వచ్చాడు రాజం. నెత్తిన హెల్మెట్, నుదుటి నుంచి నెత్తురు. డ్యూటీ మనిషి!

"నన్ను ఎక్కించుకొని నడి తొవ్వల గుంజి పారేసిండు. గిప్పుడు ఆడోళ్ల ఉసురు పోసుకున్నడు. గీ బండి ఉంటేనే గింత కండకావరం గీనికి."

ఇవాళ నీకు డ్యూటీ ఎక్కడిదని ఒక్కరూ అడగలేదు. ఉపేందర్ అడగనిది వాళ్లెందుకు అడుగుతారు?

"నూకుండ్రి బండిని."

ఎవరన్నారో తెలియదు. పది చేతులు పడ్డాయి. ఇరవై పడ్డాయి. వాటి మధ్యలో ఒక తెల్ల చొక్కా కూడా భుజం ఆనించింది.

"వద్దు! గాడు శివ! గాడే..."

ఎవరో నోరు మూశారు. ఇద్దరు చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. ఉపేందర్ తన్నుకున్నాడు, కొరికాడు, ఏడ్చాడు.

జీపు కట్ట ఎక్కింది. ఒక్క క్షణం ఆగింది.

ధబేల్!

నీళ్లు పైకి లేచాయి. బుడగల చప్పుడు కొంతసేపు వినిపించింది. తర్వాత అదీ లేదు.

కోపం ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా చల్లారింది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా విడిపోతున్నారు. స్కార్పియో ఎప్పుడు వెళ్లిపోయిందో కూడా తెలియలేదు. ఉపేందర్ బురదలో మోకాళ్ల మీద కూలబడ్డాడు.

అందరూ వెళ్లే దారికి ఎదురుగా ఒక ముసలామె వస్తోంది. ఒక కాలికి చెప్పు లేదు. రొమ్ము పట్టుకుని, నాలుగడుగులకోసారి ఆగుతూ వస్తోంది.

ఇమాంబీ. తాబిష్ తల్లి. ఆమె చిన్నకొడుకు మహమూద్ పంపు డ్యూటీలో ఉన్నాడు.

"బేటా... ఎవరు? మా మహమూదా?"

ఉపేందర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవ్వలు పోలే ఖాలా. మహమూద్ మంచిగున్నడు. కొమురెల్లి కాక ఫోన్ల మాట్లాడిండు."

ఇమాంబీ అక్కడే, ఆ బురదలోనే కూర్చుండిపోయింది. రెండు చేతులూ పైకెత్తింది. ఏడుస్తోంది, నవ్వుతోంది.

"యా అల్లా, నీ రహం. సైరన్ ఇనంగనే నా పాణం పోయింది బేటా. మహమూద్ ఉన్నడు. రేపు ఆఫీసర్ సాబ్ వస్తే తాబిష్ గూడ ఇంటికొస్తడు. ఇంక నాకేం ఫికర్?"

కొంగుతో ఉపేందర్ పెదవి మీద నెత్తురు తుడిచింది. చుట్టూ చూసింది.

"అవును బేటా... బండి ఏడ పెట్టినవ్?"