సర్వర్ రూములో కొత్తిమీర తొక్కు

కంప్యూటర్లకు చెమట పట్టకూడదని పద్దెనిమిది డిగ్రీల చల్లదనంలో కూర్చోబెట్టి, వాటికి చాకిరీ చేసే మనుషుల్ని మాత్రం ఫ్యాన్ల కింద వదిలేసే తెలివి 1999లో హైటెక్ సిటీ వాళ్లకు దండిగా ఉండేది. అలాంటి ఒకానొక ఆఫీసులో శ్యామ్ ప్రోగ్రామరు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ మరిచిపోతాయట. అందుకని రెండంకెల సంవత్సరాల్ని నాలుగంకెలుగా మార్చే మహత్కార్యానికి కాకినాడ నుంచి వచ్చి, నానక్‌రామ్‌గూడలో కిష్టమ్మ ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకున్నాడు.

చేరిన మూడో రోజే, చేసిన పనికి నకలు దాచే బ్యాకప్ టేపు ఇవ్వడానికి బూట్లతో ఆ చల్లటి సర్వర్ రూములోకి అడుగు పెట్టాడు. లోపలున్న అమ్మాయి అతని మొహం చూడలేదు, బూట్లు చూసింది.

"గవి బయట ఇడ్సి రాండ్రి. నీళ్ల సీసా గూడ బయటనే."

గుళ్లోకి కూడా నీళ్ల సీసా రానిస్తారండీ అన్నాడు శ్యామ్. గుళ్లో దేవుడికి షార్ట్ సర్క్యూట్ కాదన్నది ఆమె. పేరు రేఖ. సిస్టమ్ అడ్మిన్, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. సర్వర్ రూము తాళంచెవి ఆమె మెడలోనే వేలాడేది. ఊరు పుప్పాలగూడ, తండ్రి లింగమూర్తి అక్కడే ఆకుకూరలు పండిస్తాడు. ఇవన్నీ శ్యామ్ వారం తిరక్కుండా కనుక్కున్నాడు. తన ప్రోగ్రాములో తప్పులు కనుక్కోవడానికి మాత్రం అతనికి నెలలు పట్టేవి.

క్యాంటీన్‌లో సాండ్‌విచ్ అని ఒక పదార్థం అమ్మేవారు. రెండు బ్రెడ్డు ముక్కల మధ్య కీరదోస వచ్చి వెళ్లినట్టు గుర్తులుండేవి. ఒక మధ్యాహ్నం శ్యామ్ దాన్ని టీలో ముంచి గుటకలు వేస్తుంటే రేఖ ఎదురుగా వచ్చి కూర్చుంది.

"తింటున్నరా, మందు మింగుతున్నరా?" అని తన డబ్బా ముందుకు తోసింది.

జొన్నరొట్టె పక్కన పచ్చగా నిగనిగలాడుతూ ఒక ముద్ద. శ్యామ్ దాన్ని బ్రెడ్డుకు రాసుకుని తిని, వేళ్లు కూడా నాకాడు. కొత్తిమీర పచ్చడి అద్భుతమండీ అన్నాడు. పచ్చడి కాదు, తొక్కు అన్నది రేఖ. తమ చేన్ల ఆకు, తమ రోట్ల నూరింది, కాబట్టి పేరు కూడా తామే పెడతారట. ఆ ముద్ద కోసం శ్యామ్ తన మాతృభాషనైనా వదులుకునేలా ఉన్నాడు.

మర్నాటి నుంచి ఆమె తడిబట్టలో చుట్టి కొత్తిమీర, పుదీన తెచ్చివ్వడం మొదలుపెట్టింది. శ్యామ్ ఇంటికెళ్లి ఆకంతా కడిగి, నీళ్లోడుతుండగానే కిష్టమ్మ మిక్సీలో కుక్కి, సాఫ్ట్‌వేర్ మనిషికుండే శ్రద్ధతో అయిదు నిమిషాలు ఆపకుండా తిప్పాడు. మిక్సీ వేడెక్కింది. ఆకు నల్లబడి చేదెక్కింది. కిష్టమ్మ వచ్చి గిన్నెలోకి తొంగిచూసి, "ఏంది బిడ్డా, గిది మన్షి తినేదేనా?" అని అడిగింది.

రేఖ ఈ సంగతి విని నవ్వాపుకుని, పిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. కడిగిన ఆకును బట్ట మీద ఆరబెట్టాలి. లేత కాడలు పారేయకూడదు, రుచంతా వాటిలోనే ఉంటుంది. వేయించిన పల్లీలు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు ముందు నలగాలి. ఆకు ఆఖర్న వేసి మిక్సీని ఆపుతూ, తిప్పుతూ ఉండాలి. నిమ్మరసం గిన్నెలోకి తీశాకే పిండాలి.

ఈసారి పచ్చ రంగు పచ్చగానే నిలిచింది. శ్యామ్ దాన్ని ఇడ్లీలోకి నంజుకున్నాడు, అన్నంలో నూనె వేసుకుని కలిపాడు, బంగాళాదుంప వేపుడులో పడేశాడు, పెరుగులో కలిపి కిష్టమ్మ చేసిన రొట్టెల్లోకి పోసుకున్నాడు. ఆ వారం వేసుకోనిది టీలో ఒక్కటే.

చిక్కల్లా నిలవతోనే. గదిలోనే కాదు, కిష్టమ్మ ఇంట్లోనూ ఫ్రిజ్ లేదు, తెల్లారేసరికి తొక్కు రంగు మారిపోయేది. ఒక ఫ్రిజ్ కొనుక్కోరాదుండ్రి అన్నది రేఖ.

"ఒక్కడికి ఫ్రిజ్ దండగండీ" అన్నాడు శ్యామ్.

అంతటితో ఊరుకుంటే అతను ఇంజనీరెందుకవుతాడు? కష్టపడి ఆలోచించి, గచ్చిబౌలి దరిదాపుల్లో తనకందే చల్లటి చోటు సర్వర్ రూమే అని తేల్చాడు. తొక్కును ఖాళీ కాఫీ సీసాలో పెట్టి, బ్యాకప్ టేపు వంకతో వెళ్లి, ఏసీ గాలి సూటిగా తగిలే మూల రెండు సర్వర్ల వెనక దాచాడు. రోజూ సాయంత్రం టేపు ఇవ్వడం, రెండు మాటలాడటం, ఆమె అటు తిరగ్గానే చెంచాడు తొక్కు డబ్బాలో వేసుకోవడం. రెండు వారాలు జీవితం బ్రహ్మాండంగా గడిచింది.

ఒక శనివారం మరమ్మతు కోసం ఏసీ ఆపేశారు. ఆ సంగతి శ్యామ్‌కు తెలియదు. రెండు రోజులు ఉక్కలో ఊరి, పొంగిన తొక్కు మూత తన్నేసింది. సోమవారం ఏసీ వెయ్యగానే పులిసిన వెల్లుల్లి వాసన ఆఫీసంతా కమ్మింది. మేనేజరు పార్థసారథి గారు గొప్ప అనుభవజ్ఞుడు. ముక్కు ఎగబీల్చి, గ్యాస్ లీకని ప్రకటించి, అరవై మందినీ తుంపర్లో రోడ్డు మీద నిలబెట్టారు.

గంట వెతికాక దొరికింది కాఫీ సీసా. తాళంచెవి రేఖది కాబట్టి సంజాయిషీ ఆమెనే రాయమన్నారు. ఆ శుక్రవారం సంతకం కావలసిన, ఆమె ఉద్యోగం ఖాయం చేసే కన్ఫర్మేషన్ కాగితం పక్కన పెట్టేశారు. అది శ్యామ్ చెవిన పడింది. ఆ ఉద్యోగానికి రెండు బస్సులు మారి వస్తుంది ఆ అమ్మాయి. వాళ్లింట్లో ఆఫీసు గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. అదిప్పుడు తన నాలుక కోసం పోతోంది.

సీసా నాది అని ఒక కాగితం రాసుకుని మేనేజరు గదికి పరుగెత్తాడు. అక్కడ రేఖ నిలబడి ఉంది. సీసా నాది అని ఆమె కాగితం అప్పటికే బల్ల మీద ఉంది.

ఒక్క సీసాకు ఇద్దరు దొంగలా అని పార్థసారథి గారు కళ్లజోడు తీశారు.

"తొక్కు నాదే సార్, నా చేత్తో చేశాను. ఆవిడకేం తెలియదు. తీసెయ్యాలంటే నన్ను తీసెయ్యండి" అన్నాడు శ్యామ్.

"తెల్వకేంది సార్, మొదటి రోజే చూసిన. తీసెయ్యాల్సింది నేను, ఊకున్న. రెండు మూడు సార్లు తిన్న గూడ. ఆకు మా చేన్లదే" అన్నది రేఖ.

డిసెంబరు ముప్పై ఒకటి దాకా పార్థసారథి గారు ఆఫీసు పిల్లినైనా వదులుకునే స్థితిలో లేరు. కాబట్టి క్షమాగుణం చూపించారు. శ్యామ్‌కు నాలుగు ఆదివారాల డ్యూటీ వేశారు. రేఖను కాసేపు మందలించి, పక్కన పెట్టిన కాగితం ముందుకు లాక్కుని సంతకం పెట్టారు.

బయటికొచ్చాక శ్యామ్ ఆమె వెనకే సర్వర్ రూము దాకా నడిచాడు.

"చూసి కూడా ఎందుకు చెప్పలేదండీ?"

"చెప్తే సీసా తీస్కపోతవు. రోజు టేపు పట్టుకొని వచ్చుడు బందైతది."

ఆమె నువ్వు అన్నదని అతనికి రెండు క్షణాలు ఆలస్యంగా తెలిసింది. తెలిశాక, ఇక తర్కమంతా వదిలేసి, మీరంటే నాకు ప్రాణమండీ అనేశాడు. రేఖ మెడలోని తాళంచెవితో తలుపు తీసింది.

"ఆయితారం డ్యూటీ అయినంక మా ఇంటికి రా. రోజూ ఇంత ఆకు ఎవరికి తీస్కపోతున్నవని మా బాపు అడుగుతుండు. నువ్వే వచ్చి చెప్పు."

"వస్తానండీ."

"ముందుగాల్ల ఒక ఫ్రిజ్ కొను."

"ఒక్కడికి ఫ్రిజ్..." అని అలవాటుగా మొదలుపెట్టాడు శ్యామ్.

"ఒక్కనికని ఎవరన్నరు?" అని రేఖ సర్వర్ రూములోకి వెళ్లి తలుపేసుకుంది.