ఫోను తీగ

ఆ శుక్రవారం పొద్దున హమీదున్నీసా ఫోను మీది అల్లిక గుడ్డను దులిపి మళ్లీ కప్పింది. సౌదీలో, దమ్మామ్‌లో ఉన్న కొడుకు లతీఫ్ ప్రతి శుక్రవారం ఫోన్ చేసేవాడు. రెండు శుక్రవారాలుగా అది మోగలేదు. గాంధారి ఊళ్లో యాకూబు కొడుకు పోయిన నెలలోనే దుబాయి నుంచి శవపెట్టెలో వచ్చాడు. అప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు.

తొంభై తొమ్మిదిలో కామారెడ్డిలోని ఆ వీధికంతా వాళ్లదొక్కటే ఫోను. వీధివాళ్లు ఊరికే వాడతారని ఆమె భర్త సలీమ్ దానికి తాళం వేశాడు. ఇక రిసీవరు ఎత్తి చూసేదెవరు?

లతీఫ్ ఉండే పనివాళ్ల క్యాంపులో ఫోను లేదు. అతని దోస్తు ఈమెయిలు అడ్రసు మాత్రం చెల్లెలు సాబేరా దగ్గర ఉంది. పరీక్షలని ఇన్నాళ్లూ కంప్యూటరు ముట్టలేదు, అవి నిన్ననే అయిపోయాయి. భయంభయంగా కంప్యూటరు ముందు కూర్చుంది.

ఆమె లినక్స్ కంప్యూటరు ఫోను లైనుతో ఇంటర్నెట్టు కలిపే తన మోడెమును గుర్తుపట్టదు. అందుకే మేనమామ కొడుకు వహీద్ తన లాప్‌టాప్ ఇచ్చి, ఫోను తీగను దానికి గుచ్చి, అక్కడి నుంచి ఇంకో తీగతో ఇంటర్నెట్టును ఈ కంప్యూటరుకు పంచుకోవడం నేర్పాడు. పని కాగానే తీగను మళ్లీ ఫోనుకు పెట్టమని పదేపదే చెప్పాడు కూడా.

సాబేరా లాప్‌టాప్ వెనక చెయ్యి పెట్టింది. ఫోను తీగ ఇంకా దానికే ఉంది. పదహారు రోజులుగా. గుడ్డ కింద ఫోను ఉత్త డబ్బా.

చప్పుడు చేయకుండా తీగ మార్చేస్తే ఎవరికీ తెలియదు. చెయ్యి అటే పోయింది కూడా. అంతలోనే, ముందు అన్న నుంచి ఉత్తరమేమైనా వచ్చిందేమో చూద్దామనుకుంది. లైను కీచుమంటూ కలిసింది. దోస్తు అడ్రసు నుంచి అన్న రాసిన ఉత్తరం ఉంది, మూడు రోజుల కిందటిది.

"రింగయితున్నది, ఎవ్వరు ఎత్తుతలేరు. అమ్మీకి ఏమైంది? దాచకుండ్రి. ఈ శుక్రారం కూడ ఎత్తకుంటే నౌకరీ ఇడిసిపెట్టి వస్త."

సాబేరా ఏడుస్తూ వంటింట్లోకి పరిగెత్తి, అన్న బాగానే ఉన్నాడని, తప్పు తనదేనని చెప్పేసింది. సలీమ్ లేచాడు. ముసల్ది పదహారు రోజులు చస్తూ బతికిందని అరిచి, లాప్‌టాప్ ఎత్తి బయటికి విసరబోయాడు. హమీదున్నీసా అతని చెయ్యి పట్టుకుంది.

"ఆగు. నా కొడుకు ఖబరు తెచ్చింది గదే గద."

సాబేరా "అమ్మీ బాగున్నది, ఫోన్ చెయ్యి" అని జవాబు పంపి, తీగను ఫోనుకు గుచ్చింది. ముగ్గురూ దాని చుట్టూ కూర్చున్నారు. గంట గడిచింది. అప్పటికే టికెట్టు కొన్నాడేమోనని సాబేరా వేళ్లు కొరుక్కుంది.

పదకొండు దాటాక మోగింది.

హమీదున్నీసా ఏడుస్తూనే ఎత్తింది. అటువైపు కూడా కాసేపు ఏడుపే వినిపించింది.

"అమ్మీ, నువ్వేనా?"

"నేనే బేటా. మంచిగనే ఉన్న. నౌకరీ ఇడవకు."

ఇన్ని రోజులు ఎందుకు ఎత్తలేదని అతను గట్టిగా అడిగాడు. ఆ మాట పక్కనున్న సాబేరాకూ వినపడింది. తల వంచుకుంది. తల్లి రెండో చేత్తో ఆ తలను దగ్గరికి తీసుకుంది.

"వానకు లైను ఖరాబైంది బేటా," అంది.

సలీమ్ భార్య వంక చూశాడు. బయట ఎండ మండిపోతోంది. సాబేరా తల్లి ఒడిలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.